ఊరి రాతిమీద ఎవరి పేర్లుండాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. 2023 ఆగస్టులో ‘మేరీ మాటీ మేరా దేశ్’ కార్యక్రమం కింద గ్రామ పంచాయతీల్లో శిలాఫలకాలు పెట్టారు. దేశం కోసం ప్రాణాలిచ్చిన ఊరివాళ్ల పేర్లు వాటిమీద ఉండాలన్నది ఉద్దేశం. మంచి ఆలోచనే. అయితే మా చుట్టుపక్కల నేను చూసిన ఫలకాల్లో కొన్నింటిమీద పేర్లు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. పేర్లున్న వాటిమీదైనా, తెల్లవాడి కాలంలో మెసపొటేమియాకో (ఇప్పటి ఇరాక్) బర్మాకో వెళ్లి తిరిగిరాని వాళ్ల ఊసు కనబడలేదు. ఫలకం పెట్టామా, ఫొటో దిగామా, పంపించామా అన్నట్టుగా పని ముగిసింది.

దీనిమీద ఉత్తరం రాయాలన్న పట్టుదల నాకు ఇంగ్లండ్‌లోని బ్రాకెన్‌హర్స్ట్ అనే పల్లెలో కలిగింది. మా అబ్బాయి సౌతాంప్టన్‌లో ఉంటాడు. అక్కడికి దగ్గరే న్యూ ఫారెస్ట్ అడవి, అందులో ఈ ఊరు. ఊరికి కాస్త ఎడంగా సెయింట్ నికొలస్ చర్చి. దాని ఆవరణలో వెయ్యేళ్లు దాటిందని చెప్పే ఒక యూ చెట్టు, వెనక వాలులో యుద్ధ సమాధులు. తొంభైకి పైగా న్యూజీలాండ్ సైనికులవే. ఆ ఊళ్లో 1916 నుంచి వాళ్ల ఆస్పత్రి నడిచింది. అంతకుముందు అక్కడున్నది లేడీ హార్డింజ్ ఆస్పత్రి. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడిన మన సిపాయిల కోసం పెట్టింది.

ఆ సమాధుల్లో సుఖా అనే అతనిది ఒకటి. బరేలీ నగరం, గంగాపూర్ మొహల్లా. ఆస్పత్రిలో పాకీ పని చేసేవాడు. 1915 జనవరి 12న, ముప్ఫై ఏళ్ల వయసులో చనిపోయాడు. అప్పటినుంచి చెప్పుకుంటూ వస్తున్న కథనం ప్రకారం, అంటరానివాడి శవాన్ని తమవాళ్లతో కలిపి దహనం చేయడానికి అగ్రకులాల హిందువులు ఒప్పుకోలేదు. వోకింగ్‌లో ముస్లిం సైనికులను పూడ్చేచోట అడిగితే, అతను ముస్లిం కాడు గనక కుదరదన్నారు. చివరికి ఆ ఊరి పాస్టరు తన చర్చి ఆవరణలో చోటిచ్చాడు. ఊరివాళ్లు చందాలు వేసుకుని రాయి నిలిపారు. అతను క్రైస్తవుడు కాడని ఆ రాతిమీదే రాశారు. ఇతరుల మేలు కోసం ప్రాణం పోగొట్టుకున్నాడనీ రాశారు. ఊరూ పేటా సహా అతని చిరునామా చెక్కారు.

దేశం కాని దేశంలో, సముద్రాలు దాటి వెళ్లినా కులం అతన్ని కాటిదాకా వెంటాడింది. ఆ ఇంగ్లిషు పల్లెవాళ్లను నెత్తిన పెట్టుకోమని నేననను. ఆ రాతిమీద కూడా అతను వినమ్రుడైన సేవకుడే, సేవ చేసింది వాళ్ల రాజుకే. కానీ ఒక పారిశుద్ధ్య కార్మికుడి పేరు రాతికెక్కించాలని వాళ్లకు తోచింది. ఆ పని మనం నూటపదేళ్ల తర్వాత కూడా మన ఊళ్లలో చేయలేదు.

ఇంగ్లండ్ పల్లెల్లో ఇలాంటి స్మారకాలు ఊరూరా ఎందుకు లేచాయో తెలుసుకోవాలి. యుద్ధంలో పోయినవాళ్ల శవాలను ఇంటికి తేవడం 1915లో ఆపేశారు. కొడుకు ఎక్కడో ఫ్రాన్సు బురదలో పోతే తల్లికి వెళ్లి ఏడవడానికి సమాధి లేదు. అందుకని యుద్ధం ముగిశాక ఊళ్లవాళ్లు చందాలెత్తి, ఎక్కువగా చర్చి ఆవరణల్లో, శిలువలు నిలిపి పేర్లు చెక్కించుకున్నారు. చాలాచోట్ల హోదా చూడలేదు, అక్షరక్రమమే. భూస్వామి కొడుకు కింద పాలేరు కొడుకు, లేదా పాలేరు కొడుకు కింద భూస్వామి కొడుకు. వెళ్లినవాళ్లంతా ప్రాణాలతో తిరిగొచ్చిన ఊళ్లు ఇంగ్లండ్, వేల్స్ కలిపి యాభై పైచిలుకే ఉన్నాయట.

అదే సామ్రాజ్యం మనవాళ్ల దగ్గరికొచ్చేసరికి లెక్క మార్చింది. ఇరాక్‌లోని బాస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి, భారతీయ అధికారుల పేర్లున్నాయి. మామూలు భారతీయ సిపాయిలకు మాత్రం రెజిమెంటు పేరు కింద ఇంతమంది అని అంకె వేసి సరిపెట్టారు. బ్రైటన్ దగ్గర కొండమీద హిందూ, సిక్కు సైనికులను దహనం చేసినచోట 1921లో ఛత్రి అనే గుమ్మటపు స్మారకం కట్టారు. అక్కడ దహనమైన 53 మంది పేర్లు రాతికెక్కింది 2010లో. మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన ఆసియా, ఆఫ్రికా వాసుల్లో కనీసం 1,16,000 మందికి పేరుతో గుర్తింపు లేదని, ఆ సంఖ్య మూడున్నర లక్షలదాకా ఉండొచ్చని కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషనే 2021లో ఒప్పుకుంది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఆ యుద్ధానికి మన దేశం నుంచి వెళ్లిన దాదాపు పదకొండు లక్షల మందిలో నాలుగున్నర లక్షలకు పైగా తుపాకి పట్టనివాళ్లే. కంచరగాడిదలు తోలినవాళ్లు, వంటవాళ్లు, చాకళ్లు, మోతగాళ్లు, పాకీవాళ్లు. ఇండియా గేటు మీద పదమూడు వేల పైచిలుకు పేర్లున్నాయి. 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి అమరులది. మధ్యలో మిగిలినవాళ్లను గుర్తుపెట్టుకోవాల్సింది వాళ్ల ఊరే.

తెలుగునాట ఆ స్పృహ బొత్తిగా లేదనను. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన ఆ ఊళ్లో స్మారకం ఉంది. గల్వాన్‌లో 2020లో అమరుడైన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం సూర్యాపేటలో ఉంది. ఉండాల్సిందే. కానీ విగ్రహం ఒక్కరిదే అవుతుంది, అదీ టీవీల్లో ఆ పేరు మోగుతున్న రోజుల్లో. (మన కూడళ్లలో విగ్రహాలకు కొదవా? ట్రాఫిక్ పోలీసుకి నిలబడే చోటు దొరకడం లేదు.) పేర్ల జాబితాకి అంత రాయి అక్కర్లేదు, అంత డబ్బూ అక్కర్లేదు. అందులో ఎవరూ మిగిలిపోరు.

ఇక్కడే అసలు చిక్కు. ఇంగ్లండ్ పల్లెలో చర్చి ఆవరణ ఊరందరిదీ. మన ఊళ్లో ఊరందరిదీ అనదగ్గ చోటేది? గుడి దగ్గర పెడితే రానివాళ్లుంటారు, రానివ్వని గుళ్లూ ఇంకా ఉన్నాయి. చర్చి దగ్గర పెడితే అది పేటవాళ్లదంటారు. శ్మశానాలు కులానికొకటి, కొన్ని ఊళ్లలో దళితులకు శవాన్ని పూడ్చుకునే జాగాకే ఈనాటికీ దిక్కులేదు. రచ్చబండ ఎవరిదో చెప్పక్కర్లేదు. నాకు కనబడుతున్నది బడి ఒక్కటే. ముప్ఫై ఏళ్ల పైన బడిపంతులుగా చేసినవాడి పక్షపాతం అనుకున్నా సరే, ఊరి రాయిని బడి ఆవరణలో నిలపాలంటాను.

దానిమీద చనిపోయినవాళ్ల పేర్లు మాత్రమే ఉండాలి. ఆవిష్కర్త, అధ్యక్షులు, విశిష్ట అతిథి, దాత, దాతగారి దివంగత మాతృమూర్తి వీళ్లెవరూ వద్దు. సిపాయి అయినా వంటవాడైనా ఒకే సైజు అక్షరాలు. కులాన్ని పట్టిచ్చే తోకలు తీసేసి, మనిషి పేరు, తండ్రి పేరు, పోయిన ఏడాది, చోటు. అంతే.

పేర్లు దొరుకుతాయా అంటే, వెతికితే చాలావరకు దొరుకుతాయి. కామన్‌వెల్త్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. భారతీయ సైనికుల వివరాల్లో చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. స్పెల్లింగులు మాత్రం తలకిందులుగా ఉంటాయి, మన ఊరి పేరును ఆనాటి గుమాస్తా ఎలా విన్నాడో ఊహించి వెతకాలి. ఇటీవలి యుద్ధాల సంగతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో తెలుస్తుంది. ఇక కాగితానికెక్కని కూలీల సంగతి ముసలమ్మలను అడగాలి. ‘మా మామగారి అన్న రంగం (బర్మాలోని రంగూన్) పోయి మళ్లీ రాలేదు’ అనే మాటలు ఇంకా చెప్పేవాళ్లున్నారు, ఎక్కువకాలం ఉండరు. పొట్టకూటికి రంగం పోయినవాడెవరో, పటాలంతో పోయినవాడెవరో విడదీయడం కష్టమే. తేలని పేర్లను తేలలేదనే రాసి పంచాయతీ రికార్డులో ఉంచవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రాజెక్టు పని ఏముంది?

పంచాయతీలకు నేను చెప్పేది ఒకటే. కొత్త రాయి, కొత్త నిధులు అవసరం లేదు. 2023లో పెట్టిన ఫలకం మీద ఖాళీ ఉంటే అక్కడ మొదలుపెట్టండి, తర్వాత బడికి మార్చుకోవచ్చు. మీ పత్రికకూ ఒక విన్నపం. జిల్లా పేజీలో వారానికొక ఊరి జాబితా వేయండి. తప్పులుంటే దిద్దమని, పేర్లు తప్పిపోతే చెప్పమని పాఠకులను అడగండి. మొదటి వారానికి మా ఊరి పేర్లు నేను పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పశ్చిమ గోదావరి జిల్లా