నాకాబందీ డ్యూటీకి పోయేముందు

బిడ్డా శిరీషా,

ములుగు రోడ్డు మీద రాత్రి నాకాబందీ డ్యూటీ, అంటే బండ్లు ఆపి తనిఖీ చేసే పని, పడ్డదని నిన్న ఫోన్ల చెప్పినవు. మామునూరు పోలీసు ట్రైనింగ్ల నేర్పినదంతా నీకు యాదికుంటది, అదంతా మళ్లా చెప్ప. తొందరపడకు, అంతే. బండి ఆపినంక టైం నీ చేతుల ఉంటది. మనోళ్లేమో బండి ఆగీ ఆగకముందే కిటికీకాడికి ఉరుకుతరు.

1970 ఏప్రిల్‌ల కాలిఫోర్నియాల న్యూహాల్ కాడ గదే అయింది. కార్ల ఉన్నోళ్ల కాడ తుపాకి ఉన్నదని ముందే సమాచారం ఉండె. సాయానికి ఇంకో పెట్రోల్ బండి వస్తున్నదని కూడ తెలుసు. అయినా ఆగకుంట ఇద్దరు పోలీసాఫీసర్లు కారు దగ్గరికి పోయిండ్రు. ఐదు నిమిషాలు గడవకముందే, వెనక వచ్చిన ఇద్దరితో కలిపి నలుగురు పానం ఇడిసిండ్రు. అండ్ల ఒకాయన రివాల్వర్ల తూటాలు నింపుకుంటున్నప్పుడే పాయె. ఆ తర్వాత అక్కడ పద్ధతే మార్చిండ్రు. అనుమానం గట్టిగ ఉంటే బండికాడికి పోరు. తమ బండి చాటుకు నిలబడి, ఒక్కొక్కన్ని చేతులు పైకెత్తిచ్చి, వెనక్కి నడిపిచ్చుకుంట తమ దగ్గరికే రప్పిస్తరు.

అంత దూరం ఎందుకు, మన సూర్యాపేట. 2015 ఏప్రిల్ 1 అర్ధరాత్రి బస్టాండ్ల తనిఖీ చేస్తుంటే కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయిండ్రు. మూడు రోజులకు జానకీపురం కాడ మళ్లా ఎదురుకాల్పులు. ఆ ఇద్దరు దుండగులు చచ్చిండ్రు గని, మన కానిస్టేబుల్ ఇంకొకాయన పాయె, గాయపడ్డ ఎస్సై దవాఖానల కన్నుమూసిండు. బస్టాండ్ల రోజూ చేసే తనిఖీయే అది. అందుకే ‘ఉత్త చెకింగే కద’ అని ఎవలన్న అంటే నాకు ఒళ్లు మండుతది.

ఇగ రాత్రి పూట సంగతి. మాట్లాడేటోళ్లు ఒక్కలే ఉండాలె. ఇంకొకలు పక్కకు జరిగి, ఏటవాలుగ నిలబడి కాపు కాయాలె. ఇద్దరు చెరో దిక్కు ఎదురెదురుగ నిలబడితే మీ గుండ్లు మీకే తాకుతయి. టార్చి ఛాతీకాడ పట్టుకోకు, చెయ్యి చాపి పక్కకు పట్టుకో, ఎలుగు చూసి కొట్టేటోడుంటడు. ఆర్సీ, లైసెన్సు తర్వాత చూడొచ్చు, ముందు చేతులు చూడు. మొఖం ఎంత నవ్వినా ఏం కాదు, చెయ్యి సీటు కిందికి పోతేనే కథ మారుతది. ‘బండి లోపలి లైటెయ్యి, చేతులు స్టీరింగు మీద పెట్టు’ అని దూరం నుంచే చెప్పు. చాటు కావాలంటే ఇంజను దిక్కు, చక్రం దిక్కు పో. కారు డోరు రేకే, తూటాను ఆపదు.

బండి నంబరు, ఎంతమంది ఉన్నరు, నువ్వెక్కడున్నవు, ఇవన్ని బండి దగ్గరికి పోకముందే వైర్‌లెస్ సెట్‌ల చెప్పు. దెబ్బ తాకినంక చెప్పుదామంటే నోట్లె మాట రాదు.

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ ఇస్తే స్టేషన్లనే ఒకసారి తొడుక్కొని జీపు ఎక్కు, దిగు. పిస్టల్ చేతికి అందుతుందా చూసుకో. మా రోజులల్ల అది చాలామందికి నడుముకు అడ్డం పడుతుండె. అందకపోతే హోల్‌స్టర్ జాగ మార్చు. నీ ఎంబడి ఉన్న హోంగార్డుకు జాకెట్ ఇచ్చిండ్రా లేదా కూడ అడుగు. సీఐ కసురుకుంటే కసురుకోనీ, మళ్లా అడుగు.

అమ్మ సకినాలు పంపిస్తున్నది, డబ్బ తిరిగి పంపుమన్నది.

మీ బాపు
హనుమకొండ