టికెట్టు విలువ పడగొట్టింది ఊరి జనం కాదు

అయ్యా,

హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోవడం గురించి పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పోనీలే అని ఊరుకుందామనుకున్నా మనసొప్పక ఇప్పుడు రాస్తున్నాను. ఇక్కడి జనానికి ఫుట్‌బాల్ పట్టదని, టికెట్లు సగానికి సగం ధరకు ఇస్తామన్నా తీసుకునే దిక్కు లేకపోయిందని, అందుకే జట్టు వెళ్లిపోయిందని తేల్చేశారు. టికెట్ల మాట నిజమే. దానికి జనాన్ని తప్పుపట్టడం మాత్రం అన్యాయం.

2019లో జట్టు పుట్టినప్పటి నుంచి నేను గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి వెళ్తూ వచ్చాను. అమ్ముగూడ నుంచి గచ్చిబౌలి అంటే ఊరికి ఆ చివర. రాత్రి మ్యాచ్ అయ్యాక తిరుగు బస్సు దొరకడం మా అదృష్టం మీద ఆధారపడేది. మొదటి సీజన్‌లో జట్టు అట్టడుగున నిలిచినా వెళ్లాం. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు గెలిచింది. మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపిన ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. అయితే కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడించారు. కప్పు గెలిచిన ఆ సీజన్‌లో ఈ ఊళ్లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఆ ముక్క రాయకుండా, జనం రాలేదని ఎలా రాస్తారండీ?

2023 మార్చి 9న గచ్చిబౌలిలో మోహన్ బగాన్‌తో సెమీఫైనల్ మొదటి మ్యాచ్. నాతో పనిచేసే కుర్రాడు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు, "అన్నా, ఒక్క టికెట్ మిగిలితే చెప్పు, ఎంతైనా ఇస్తా" అని. మిగల్లేదు.

ఆ తర్వాతి సీజన్‌లో మా బావగారి పిల్లలు రాలేకపోవడంతో ఒకరోజు నా దగ్గర రెండు టికెట్లు మిగిలాయి. గేటు దగ్గర నిలబడి సగం ధరకు అడిగాను, తర్వాత పావు ధరకు. మన జట్టు పసుపు జెర్సీ వేసుకున్న ఒక అబ్బాయి ఆగి నా ఫోన్‌లోని టికెట్ల వంక చూసి, "వద్దంకుల్, ఇప్పుడాడేవాళ్లెవరో కూడా మాకు తెలీదు" అన్నాడు. ఆ జెర్సీ వెనక ఉన్న ఆటగాడి పేరు సగం చెరిగిపోయి ఉంది. చివరికి పల్లీలమ్మే ఆయన కొడుకులిద్దరినీ నాతో లోపలికి తీసుకెళ్లాను. "ఈ రోజైనా గెలుస్తారా సార్?" అని అడిగాడాయన. ఏం చెప్పను?

ఆ సీజన్ లెక్క అందరికీ తెలిసిందే. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపూ చెన్నైలో. కోచ్ మనోలో మార్కెజ్ అప్పటికే గోవా జట్టుకు వెళ్లిపోయాడు. బకాయిల గొడవతో కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, మిగిలిన కుర్రాళ్లు పాపం ప్రతి వారం దెబ్బలు తిన్నారు. సరుకు పాడయ్యాక బేరం రాలేదని కొనేవాడిని తిడతామా?

అసలు ఈ ఊరికి ఫుట్‌బాల్ పట్టదన్న మాట ఎవరు రాయగలరు? 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఆనాటి పేరున్న ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్పు తెచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా, జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం దాకా దేశాన్ని నడిపించిన కోచ్ రహీం సాబ్ మనవాడు. ఆయన జట్టులో ఆడిన ఫుట్‌బాల్ దిగ్గజం తులసీదాస్ బలరాం మా అమ్ముగూడలోనే పుట్టాడు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయినప్పుడు మా కాలనీలో సగం మందికి ఆ పేరే తెలియదు. తెలియకపోవడం పిల్లల తప్పు కాదు, ఆయన పేరు కనిపించే బోర్డైనా మా వైపు నాకు కనబడలేదు.

ఆటస్థలాల సంగతి మరీ ఘోరం. మేం చిన్నప్పుడు బంతి తన్నిన స్థలంలో ఇప్పుడు పెళ్లిళ్ల సీజన్‌లో షామియానాలు, మిగతా రోజుల్లో కార్లు. గోల్‌పోస్టులు పీకేశారు. రెండేళ్లలో నాలుగు అర్జీలు పెట్టాను. ఏ కార్యాలయానికి వెళ్లినా అది మా పరిధి కాదంటారు. ఎవరి పరిధో రాసిచ్చేవాళ్లు మాత్రం లేరు.

మీ వ్యాసంలో ఈ ఊరి మరో ఫుట్‌బాల్ జట్టు శ్రీనిధి దక్కన్ ఊసే లేదు. 2022-23లోనూ, 2023-24లోనూ ఐఎస్‌ఎల్ కింది అంచె లీగైన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు ఈ ఊళ్లోనే ఆడింది కదా. వాళ్ల మ్యాచ్ వార్త మీ పేజీలో నాలుగు లైన్లు దాటగా నేను చూడలేదు.

బాలయోగి స్టేడియాన్ని ఇక దేనికి వాడతారో, ఫుట్‌బాల్‌కు ఏడాదిలో ఎన్ని రోజులు ఇస్తారో అధికారులను అడిగి ప్రచురించండి. మ్యాచ్ ఉన్న రాత్రి సికింద్రాబాద్ వైపు పదకొండు దాకా బస్సు నడుపుతారో లేదో కూడా అడగండి.

— ఒక పాఠకుడు,
అమ్ముగూడ, సికింద్రాబాద్