కరెంటు పోయి వస్తే లేవని సర్వీసు గురించి ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,
మాదాపూర్, హైదరాబాద్.

విషయం: మీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లోని ఇంటర్‌ఫేస్ సర్వీసు సర్వర్ రీబూట్ అయ్యాక మొదలవకపోవడం, మధ్యలో ఆగితే తిరిగి లేవకపోవడం.

మేనేజర్ గారూ, నమస్కారం.

దిల్‌సుఖ్‌నగర్‌లోని మా డయాగ్నస్టిక్ సెంటర్‌లో కంప్యూటర్ల పని నేను చూస్తాను. ఈ సమస్య మీద ఇప్పటికి మూడుసార్లు టికెట్ పెట్టాను. మూడుసార్లూ ‘రీస్టార్ట్ చేశాక పనిచేస్తోంది’ అని రాసి మూసేశారు. అందుకే ఈసారి ఉత్తరం రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

బోనాల మర్నాడు సోమవారం. రాత్రంతా వాన, తెల్లవారుజామున కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. కరెంటు వచ్చాక సర్వర్ తనంతట తానే ఆన్ అయింది. ఆరున్నరకల్లా పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లతో హాలు నిండిపోయింది. బయోకెమిస్ట్రీ మెషీన్ పరీక్షలు చేస్తూనే ఉంది. కానీ దాని నుంచి రిజల్ట్ తీసుకుని రిపోర్టులో వేయాల్సిన మీ సర్వీసు మాత్రం లేవలేదు. మీ సపోర్టుకి ఫోన్ చేస్తే ‘సర్వర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్’ అన్నారు. రెండుసార్లు చేశాం. మీ స్టేటస్ కమాండ్ కొడితే రెండుసార్లూ ‘నడుస్తోంది’ అనే వచ్చింది.

నడుస్తోంది అన్నది నిజం కాదు. మీ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు తన ప్రాసెస్ నంబర్‌ని (నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కీ సిస్టమ్ ఇచ్చే నంబర్) ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లో ఒక పీఐడీ ఫైల్లో రాసుకుంటుంది. అందులో 812 అని ఉంది, అది కరెంటు పోకముందు నంబర్. సర్వర్ మళ్లీ లేచాక 812 నంబర్ ప్రింటర్ సర్వీసుకి వెళ్లింది. మీ స్క్రిప్టు 812 బతికే ఉందా అని అడిగింది, ఉంది అన్న జవాబు వచ్చింది, ఇక మొదలుపెట్టకుండా వెళ్లిపోయింది. ఆ 812 ఎవరిదో మాత్రం చూడలేదు. నేను ఆ ఫైల్ తీసేసి స్టార్ట్ చేస్తే రెండు నిమిషాల్లో రిజల్ట్స్ రావడం మొదలైంది. ఇలాంటి ఫైళ్లు ఉండాల్సిన చోటు స్లాష్ రన్ (/run) ఫోల్డర్. అది మెమరీలో ఉంటుంది కాబట్టి రీబూట్ అయితే ఖాళీ అయిపోతుంది, పాత నంబర్ మిగలదు. ఈ చిన్న విషయం మీ డెవలపర్లకి తెలియదని నేను అనుకోను.

ఆ గంటన్నరలో ఏమైందో కూడా చెప్పాలి. టెక్నీషియన్లు మెషీన్ తెర చూసి విలువలు చేత్తో టైప్ చేశారు. కిడ్నీ జబ్బున్న ఒక పెద్దావిడ పొటాషియం 4.5 ఉంటే 5.4 అని పడింది. సంతకం పెట్టేముందు మా పాథాలజిస్ట్ మేడమ్ మెషీన్ ప్రింటుతో సరిచూశారు కాబట్టి దొరికింది. ఆ కాగితం అలాగే బయటికి వెళ్లి ఉంటే ఆ ఇంట్లో ఎంత టెన్షన్, ఏ మందు మారేదో! ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

ఇంతకుముందు జూన్‌లో మధ్యాహ్నం పూట ఆ ప్రోగ్రామ్ దానంతట అదే ఆగిపోయింది. ఎవరూ గమనించక మూడు గంటలు అలాగే ఉంది. యునిక్స్ తరహా సిస్టమ్‌లలో పిల్ల ప్రాసెస్ చనిపోతే ఆ కబురు దాన్ని మొదలుపెట్టిన తల్లి ప్రాసెస్‌కి కెర్నెల్ (సిస్టమ్‌కి గుండెకాయ) వెంటనే చెబుతుంది. డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన డెమన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ దీని మీదే నడుస్తుంది: ఒక కాపలా ప్రాసెస్ సర్వీసుని తానే మొదలుపెట్టి, పోతే తానే మళ్లీ లేపుతుంది. తర్వాత వచ్చిన రనిట్, 2010లో వచ్చిన సిస్టమ్‌డీ కూడా ఆ కాపలా పని చేస్తాయి. మా సర్వర్‌లో ఉన్నది డెబియన్ 12 లినక్స్, సిస్టమ్‌డీ అందులోనే ఉంది. మీ ఇంజినీరు దాన్ని ముట్టుకోకుండా క్రాన్‌లో (ప్రోగ్రామ్‌లని అనుకున్న వేళకి మొదలుపెట్టేది) సర్వర్ ఆన్ అయినప్పుడు ఒక్కసారి మొదలుపెట్టే రీబూట్ లైను ఒకటి రాసి వెళ్లారు. అదీ అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్ కింద.

సర్వీసుని ఎలా నడపాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైలు నేనే ఒకటి రాసి చూశాను. మీ ప్రోగ్రామ్ రెండుసార్లు ఫోర్క్ అయి (తన నకలు ప్రాసెస్‌ని పుట్టించి) తనంతట తాను బ్యాక్‌గ్రౌండ్‌లోకి వెళ్తుంది, మొదట లేచిన ప్రాసెస్ వెంటనే ముగుస్తుంది. దాంతో సిస్టమ్‌డీ సర్వీసు అయిపోయిందనుకుని మిగిలినదాన్నీ ఆపేస్తుంది. ఆగినప్పుడల్లా మళ్లీ లేపమనే రీస్టార్ట్ ఆల్వేస్ పెడితే, 10 సెకన్లలో 5 సార్లు ప్రయత్నించి వదిలేసింది. ప్రోగ్రామ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి పోకుండా ముందువైపే నడిపే ఆప్షన్ ఏదైనా ఉందా అని అడిగితే, ఫైళ్లు మారిస్తే ఏఎంసీ (ఏటా నిర్వహణ ఒప్పందం) వర్తించదని మీ ఇంజినీరు చెప్పారు. ఏటా డబ్బు కడుతున్నది మేము. సమస్యని మీరు సరిచేయరు, మమ్మల్ని చేయనివ్వరు.

మేము అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ప్రోగ్రామ్ తనంతట తాను వెనక్కి వెళ్లకుండా నడిచే పద్ధతి ఇవ్వండి, పీఐడీ ఫైలు అవసరమే ఉండదు. మీరే యూనిట్ ఫైలు రాసి ఇన్‌స్టాలర్‌లో పెట్టండి. అందులో ఆగితే మళ్లీ లేపే లైను తప్పకుండా ఉండాలి, ఎందుకంటే రాయకపోతే సిస్టమ్‌డీ లేపదు. మీ ఇంజినీరు స్టార్ట్ ఒక్కటే కొట్టి వెళ్లకుండా ఎనేబుల్ (సర్వర్ ఆన్ అయినప్పుడల్లా మొదలయ్యేలా) కూడా చేయాలి, లేకపోతే మళ్లీ వాన పడ్డ రోజు ఇదే కథ. దానికి రూట్ కాకుండా వేరే యూజర్ ఇవ్వండి. ఆపమన్నప్పుడు చేతిలో ఉన్న రిజల్ట్ రాసేసి ఆగాలి. బలవంతంగా ముగించేముందు సిస్టమ్‌డీ మామూలుగా 90 సెకన్లు వేచి చూస్తుంది, ఆ పనికి అది చాలు.

15 రోజుల్లో ఈ పని తెలిసిన ఇంజినీరుని పంపండి. పని అయ్యాక ఆదివారం మధ్యాహ్నం, ల్యాబ్ మూసి ఉన్నప్పుడు, ఆయన ముందే సర్వర్ పవర్ కేబుల్ పీకి మళ్లీ పెడతాను. కీబోర్డు ఎవరూ ముట్టుకోకుండా ఒక శాంపిల్ రిజల్ట్ రిపోర్టులోకి వచ్చాకే జాబ్ షీట్ మీద సంతకం పెడతాను.

ఇట్లు,
సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్,
డయాగ్నస్టిక్ సెంటర్, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్.