సర్పి మానాక మిగిలిన మంటలో తోడున్నవారికి

ఈ ఏడాది మే నెల దాటాను. విజయవాడలో మే దాటడం ఎవరికైనా ఘనకార్యమే, నాకు ఇంకాస్త ఎక్కువ. అందుకు కారణమైన నలుగురికి నమస్కారం పెట్టుకోవాలని రాస్తున్నాను. పేర్లు రాస్తే ఒప్పుకోరు కనుక వరసలతోనే సరిపెడతాను.

డిసెంబరులో నాకు కుడివైపు రొమ్ము కింద నుంచి వీపు దాకా సర్పి లేచింది. చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్సే నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మీద పడ్డాక ఇలా లేస్తుందట. తలా తోకా కలిస్తే ప్రాణాలకే ముప్పని మా పెద్దత్త ఎర్రమట్టి పూయించింది. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితే మంచిదని అప్పటికి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఐదో రోజు. మూడు వారాల్లో పొక్కులు ఎండిపోయాయి, నొప్పి మాత్రం పోలేదు. రవిక అంచు తగిలితే బ్లేడుతో గీసినట్టు, ఫ్యాను గాలి సోకితే నిప్పురవ్వలు చల్లినట్టు ఉండేది. పైకి చూస్తే నాలుగు మచ్చలు, అంతే. "తగ్గిపోయిందిగా" అన్న మాట నాలుగు నెలలు విన్నాను.

మందులు నా ఒంటికి పడవు. మొదట ప్రెగాబలిన్ 75 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు ఇచ్చారు. రెండో రోజుకే గోడ పట్టుకుని నడిచాను, వారం తిరిగేసరికి పాదాలు వాచాయి. అది మార్చి అమిట్రిప్టిలిన్ రాశారు. నిద్రయితే పట్టింది కానీ నోరు పిడచకట్టుకుపోయేది. ఏప్రిల్ ఎండల్లో ఒళ్లు కాగిపోయేది, ఆ వేడికి నరం ఇంకా రేగేది. మా వీధి మందుల షాపు తమ్ముడు చీటీ చూసి, నా ముఖం చూసి, "అమ్మా, మీకు చెమట పడుతోందా?" అని అడిగాడు. చేయి తడుముకుని చూస్తే పొడిగా ఉంది! ఆ మందు కొందరికి చెమట తగ్గిస్తుందని చెప్పి, "సొంతంగా మానేయకండి, నరాల డాక్టరుకు ఇది చూపించండి" అంటూ బిల్లు వెనకాల రెండు ముక్కలు రాసిచ్చాడు.

ఆ బిల్లు పట్టుకుని వెళితే డాక్టరమ్మ గారు నేను చెప్పిందంతా విన్నారు. అమిట్రిప్టిలిన్ నెమ్మదిగా తగ్గించి, పాత ప్రెగాబలిన్‌నే రాత్రిపూట 25తో మొదలుపెట్టి చాలా నిదానంగా పెంచారు. పగలు నొప్పి ఉన్నచోట చర్మాన్ని మొద్దుబార్చే లిడోకైన్ పట్టీ: 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయాలి. (మధ్యలో ఒక బంధువు మిరపకాయ ఘాటుతో చేసే క్రీము పంపారు. కొందరికి బాగా పనిచేస్తుందట. గుంటూరు ఆడపడుచునై ఉండి కూడా ఒక్క పూటకే దానికి దండం పెట్టేశాను.)

దర్జీ భాయ్ సంగతి చెప్పాలి. పాత మల్లు చీర ఇస్తే, కుట్లన్నీ బయటికి తిప్పి, హుక్కులు ఎడమ భుజం మీదికి మార్చి వదులు రవికలు కుట్టారు. ఒంటికి తగిలే వైపు ఒక్క ముడి కూడా లేకుండా, దారం కొసల్ని కూడా బయటికే లాగారు. రెండోదానికి డబ్బులు తీసుకోలేదు.

ఇక పై వాటా వాళ్లు. నాకు గాలి సోకకూడదు, వేడీ తగలకూడదు. ఆ తిక్క లెక్కను పై వాటా చెల్లి తేల్చింది. కిటికీకి వట్టివేళ్ల తెర కట్టి, ఫ్యానును గోడవైపు తిప్పి, కరెంటు పోయే మధ్యాహ్నాల్లో వాళ్ల ఇన్వర్టర్ నుంచి నా గదికి వైరు లాగించింది. పదేళ్ల వాళ్ల అబ్బాయి గంటకోసారి చెంబుతో దిగివచ్చి తెర తడిపేవాడు, సగం నీళ్లు నా పుస్తకాల మీదే.

నొప్పి పూర్తిగా పోలేదు. ఇప్పుడు రాత్రి నాలుగు గంటలు ఒకే పక్కన నిద్రపోతున్నాను. మొన్న తొలివాన పడగానే తెర విప్పి ఆరబెట్టాను. చెంబు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దని, వచ్చే ఏడు కూడా ఆ పని తనదేనని అబ్బాయి చెప్పి వెళ్లాడు.