చెరువు అంచును చెరువుకే వదలండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

హైదరాబాద్ నగరంలో మరికొన్ని చెరువులను సుందరీకరిస్తారని ఈ మధ్య మీ జోన్ పేజీలో వార్త వచ్చింది. చేయబోయే పనులన్నీ అందులో వరసగా రాశారు. గట్టు చుట్టూ రాతి రివిట్‌మెంట్ (వాలుగా పరిచే రాళ్లు), దాని మీద వాకింగ్ ట్రాక్, హైమాస్ట్ లైట్లు, ఓపెన్ జిమ్, ఫౌంటెన్, పచ్చిక. వార్తను రెండోసారి కూడా చదివాను. ఆ చెరువుల్లో ఇప్పుడు ఏమేం బతుకుతున్నాయి, పనులు పూర్తయ్యాక అవి ఎక్కడ బతకాలి అన్న మాట ఎక్కడా కనిపించలేదు. మీ విలేకరిని తప్పుపట్టడం లేదు. అసలు ఇలాంటి పనుల అంచనాల్లోనే ఆ పద్దు ఉండదు.

నేను నగరానికి తూర్పు కొసన ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. పుట్టింది గంగపుత్రుల ఇంట్లో. మా నాయన మత్స్యకారుల సొసైటీ సభ్యుడు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ మా ఊరి చెరువులో వల వేసి మమ్మల్ని చదివించాడు. ఆ ఊరు కాలనీల్లో కలిసిపోయింది గానీ చెరువు ఇంకా ఉంది. దాని గురించి నాకు తెలిసినదాంట్లో పుస్తకాల్లో చదివింది కొంత, నాయన దగ్గర విన్నది ఎక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెరువులో ప్రాణం ఎక్కువగా ఉండేది అంచున. మోకాలి లోతు కూడా లేని నీళ్లు, బురద, తుంగ, జమ్ము, ఎండాకాలంలో నెర్రెలు బాసి వానాకాలంలో మునిగే శిఖం నేల. మనం సుందరీకరణ పేరుతో రాయి పరిచేది సరిగ్గా అక్కడే.

కొర్రమట్ట సంగతి చూడండి. 2016లో దాన్ని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం. మార్కెట్లో దాని ధర ఎంతో చేపలు వండుకునే ప్రతి ఇంటికీ తెలుసు. అది గుడ్లు ఎక్కడ పెడుతుందో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. తొలకరికి కొత్త నీరు చేరగానే ఆడ, మగ చేపలు జతగా అంచుకు వస్తాయి. గడ్డీ నాచూ దట్టంగా ఉన్న చోట మధ్యలో కొద్దిపాటి జాగ శుభ్రం చేసుకుంటాయి. గుడ్లు నీటి మీద తేలుతాయి. చుట్టూ గడ్డి అడ్డం లేకపోతే అలలకు చెదిరిపోతాయి. పిల్లలు బయటికి వచ్చాక ఎర్రగా, గుంపుగా పైపైనే తిరుగుతుంటే పెద్ద చేపలు కింద కాపలా కాస్తాయి. అట్లా పిల్లలతో తిరిగే కొర్రమట్ట మీద మా నాయన వల వేసేవాడు కాదు. వేసినవాణ్ని సొసైటీ పెద్దలు నలుగురిలో నిలబెట్టి అడిగేవాళ్లు. ఎండాకాలం చెరువు ఎండితే ఆ చేప తడి బురదలోకి దిగి వానల కోసం ఆగుతుంది. గాలి పీల్చుకోగలదు కాబట్టి బతుకుతుంది. ఎండే నేల కూడా దానికి ఇల్లే. ఒక్క మాటలో చెప్పాలంటే చెరువు అంచు చేపకు పురిటిల్లు. సిమెంటులో కూర్చిన రాళ్ల వాలు మీద ఏ చేపా గుడ్లు నిలుపుకోలేదు.

సర్కారు ఉచితంగా పోయించే బొచ్చె, రవ్వ పిల్లల సంగతి వేరు. అవి పెరిగి పెద్దయినా నిలువ నీళ్లలో గుడ్లు పెట్టవు. వాటికి వరద పారే నది కావాలి. అందుకే ఏటా మళ్లీ పోయాల్సి వస్తుంది. ఆ పథకం వల్ల మా వాళ్ల ఇళ్లలో నాలుగు రూపాయలు కనిపించాయి, కాదనను. కానీ ఎవరూ పోయకుండా, ఎవరూ మేత వేయకుండా తరతరాలుగా పెరుగుతున్న చేపలు ఉన్నాయి. కొర్రమట్ట, మార్పు, ఇంగిలికం, జెల్ల, పిల్లలు గంపతో పట్టుకొచ్చే పరకలు. అంచు పోయిన చెరువులో ఇవి ఒక్కొక్కటే తగ్గిపోతాయి. పోసిన పిల్లలకు లెక్క ఉంటుంది. తగ్గిపోయిన వీటికి ఏ ఆఫీసులోనూ లెక్క ఉండదు.

కొన్నేళ్ల కిందట మా చెరువుకు మూడు వైపులా రాయి పరిచారు. నాలుగో వైపు జాగ మీద కోర్టు తగాదా నడుస్తుండడంతో అక్కడ పని ఆగింది. జీవశాస్త్రం టీచర్‌కు ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. చెరువు ఒకటే, నీళ్లు అవే, మురుగూ అదే. తేడా అంచులోనే. పదో తరగతి పిల్లలను వీలైన శనివారాల్లో తీసుకెళ్లి, రెండు వైపులా చూసింది చూసినట్టు రాయమంటాను. రాతి వైపు వాళ్ల నోటుపుస్తకాల్లో పావురాలు, కాకులు, తెల్లకొంగలు, ఒకటో రెండో నీటికాకులు ఉంటాయి. నాలుగో వైపు రాయడానికి పేజీ చాలదు. గట్టున కదలకుండా కూర్చునే గుడ్డికొంగలు, కనిపించినట్టే కనిపించి మునిగిపోయే బుడబుంగలు, జమ్ములో దూరి అరిచే నీటికోళ్లు, తామరాకుల మీద నడిచే పొడుగువేళ్ల పిట్ట, లకుముకి, చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చి బురదలో ముక్కు గుచ్చుతూ తిరిగే ఉల్లంకులు. గులకరాళ్ల మధ్య ఉత్త నేల మీద గుడ్లు పెట్టే తీతువు అయితే మా పిల్లలు ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే గోల మొదలుపెడుతుంది. నీళ్ల మీదికి వంగిన తుమ్మచెట్టుకూ ఈతచెట్లకూ గిజిగాడి గూళ్లు వేలాడతాయి.

రాతి వైపు కూడా ఒకప్పుడు ఈతచెట్లు ఉండేవి. ట్రాక్ కోసం కొట్టేశారు. వాటి జాగలో కోనోకార్పస్ అనే విదేశీ చెట్లు నాటారు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. దాని మీద గూడు కట్టిన పిట్టను మా పిల్లలు ఇంతవరకు రాయలేదు. ఆ పని చేయించినవాళ్లు చెడ్డవాళ్లని నేను అనుకోవడం లేదు. వాళ్ల చేతికి వచ్చిన డ్రాయింగ్‌లో చెరువు అంచు ఒక గీత. ఆ గీత మీద ఏం బతుకుతుందో గీసినవాళ్లకు ఎవరూ చెప్పలేదు.

తుంగ, జమ్ము ఉంటే దోమలు పెరుగుతాయని మా కాలనీ సంఘం సమావేశంలో ఒక పెద్దాయన గట్టిగా అన్నారు. ఆయన బాధ నిజమే. పొద్దు గూకితే మా ఇళ్లలో ఎవరూ తలుపులు తెరిచి పెట్టలేరు. కానీ దోమ పెరిగేది మురుగు నిలిచి గుర్రపుడెక్క కమ్ముకున్న చోట. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. మురుగులో ఉండే నత్రజని, భాస్వరం దానికి ఎరువు. దాన్ని తీసేయాల్సిందే, తీసినచోట మళ్లీ రాకుండా మురుగును ఆపాల్సిందే. తుంగ, జమ్ము అట్లాంటివి కావు. ఎన్నో రకాల తూనీగలు నీటి మొక్కలను ఆసరా చేసుకునే గుడ్లు పెడతాయి. తూనీగ పిల్ల వారాలు, ఒక్కోసారి నెలలు నీళ్లలోనే ఉండి దోమ పిల్లలను తింటుంది. రెక్కలు వచ్చే వేళకు ఏదో ఒక కాడ పట్టుకుని పైకెక్కి పొర విడుస్తుంది. కప్పలకూ ఆ గడ్డే ఆసరా. కాడలన్నీ పీకేసి, రాయి పరిచి, మురుగును మాత్రం అట్లాగే వదిలితే దోమలను తినేవన్నీ పోయి దోమలే మిగులుతాయి. ముందు మురుగు ఆపండి. ట్రాక్ సంగతి తర్వాత.

వానల తీరు కూడా మారింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమ కురిసినప్పుడు కుండపోతగా కురుస్తుంది. 2020 అక్టోబరు 13న మా తూర్పు వైపు జనం దీన్ని కళ్లారా చూశారు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు అంచును నింపి, గట్టిపరిచి ట్రాక్ వేస్తే నీళ్లు పక్కకు పరుచుకునే జాగ ఆ మేరకు పోయినట్టే. పై నుంచి వచ్చే వరద తగ్గదు. ఇక ఆ నీళ్లు కింది కాలనీల దారి పడతాయి. పాతకాలం వాళ్లు గొలుసుకట్టుగా చెరువులు కట్టి, ఒకటి నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువులో చేరేట్టు కాలువలు తీశారు. ఆ కాలువల మీద ఇప్పుడు ఏమున్నాయో మీ పత్రికే చాలాసార్లు రాసింది. శిఖం నేల ఏటా కొంతకాలం మునగడానికే ఉంది. అది మునిగితేనే కొర్రమట్టకు గడ్డి దొరుకుతుంది, అది మునిగితేనే మన ఇళ్లు మునగకుండా ఉంటాయి.

ప్రపంచ దేశాల ప్రభుత్వాలు కలిసి పెట్టుకున్న శాస్త్ర వేదిక ఐపీబీఈఎస్, దాదాపు 10 లక్షల జాతులు అంతరించే ముప్పులో ఉన్నాయని 2019లో చెప్పింది. నేలనూ సముద్రాన్నీ మనం వాడే తీరు మారడం, మితిమీరి వేటాడటం, నరకడం, వాతావరణ మార్పు, కాలుష్యం, బయటి నుంచి వచ్చి విస్తరించే జాతులు అని ఐదు ప్రధాన కారణాలు చూపింది. వాటిలో నాలుగింటిని పిల్లలకు మా చెరువు గట్టు మీద నిలబడి చేత్తో చూపించగలిగాను. ట్రాక్ కింద పడిన శిఖం, గోడల మీద ఇంకా చెరగని 2020 వరద మరక, కాలువలో వచ్చే మురుగు, గుర్రపుడెక్క.

చట్టాల్లో చూస్తే మన చెరువులకు దక్కిన రక్షణ తక్కువ. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు మంచివే. కానీ తాగునీటి కోసం, సాగునీటి కోసం ప్రత్యేకంగా మనుషులు కట్టుకున్న జలాశయాలను వాటి పరిధి నుంచి తప్పించారు. దక్కనులో చెరువులు దాదాపు అన్నీ అట్లా కట్టుకున్నవే. 1562 నాటి హుస్సేన్‌సాగర్ కూడా కట్ట వేసి నీళ్లు నిలిపిందే. వందల ఏళ్లుగా పిట్టలూ చేపలూ కాపురం చేస్తున్న చెరువు కూడా, మనిషి కట్టినదన్న కారణంతో ఆ రక్షణకు దూరమవుతోంది. ఇక మిగిలింది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, దాని చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు. ఆ నిబంధన ఇళ్లను ఆపుతుంది. ట్రాక్‌ను ఆపదు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక చెరువుల హద్దుల గురించి నగరమంతా మాట్లాడుకుంటోంది. 2025లో అంబర్‌పేట బతుకమ్మ కుంటను మళ్లీ నీళ్లతో చూసి చాలా సంతోషించాను. హద్దురాయి పాతిన తర్వాత దాని లోపల ఏం ఉండనివ్వాలన్నది కూడా అంతే శ్రద్ధగా తేల్చాలి.

అందుకు దారి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య కమిటీ వేయాలి. ఆ కమిటీ స్థానికులతో కలిసి అక్కడి మొక్కలు, జీవులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. ఆ చట్టం కిందే 2016లో అమీన్‌పూర్ చెరువును జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. దేశంలో నగర ప్రాంతంలో ఉన్న చెరువుకు ఆ గుర్తింపు దక్కడం అదే మొదలు. 2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు జరిగింది మన నగరంలోనే. ఆ గుర్తుగా గచ్చిబౌలి కూడలికి బయోడైవర్సిటీ జంక్షన్ అన్న పేరు నిలిచిపోయింది. అంతటి సదస్సు జరుపుకున్న ఊరు తన చెరువుల్లో ఏ చేపలు ఉన్నాయో రాసిపెట్టుకోగలదు.

కాబట్టి సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. టెండర్ పిలిచే ముందు వానాకాలం, చలికాలం, ఎండాకాలం మూడూ గడవనిచ్చి, చెరువులో ఏమేం ఉన్నాయో రాయించండి. ఆ రిజిస్టర్‌ను అంచనాలకు జత చేయండి. రాయి తప్పదనుకుంటే కట్ట వైపు పరచండి. కట్టకు బలం కావాలి, ఒప్పుకుంటాను. నీళ్లు లోపలికి వచ్చే వైపు, శిఖం వైపు ముట్టుకోవద్దు. ట్రాక్ కూడా కట్ట మీదికే పరిమితం చేయండి. మా అత్తమ్మ రోజూ ఆ ట్రాక్ మీదే నడుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న ఆమెలాంటి వాళ్లకు అది ఎంత అవసరమో నాకు తెలుసు. చెరువు చుట్టూ తిరిగి రావాల్సిన పని లేదు, పోయి వెనక్కి వచ్చినా నడక నడకే. లైట్లు ఎత్తు తగ్గించి, వెలుగు నేల మీద పడేట్టు పెట్టి, నడిచేవాళ్లు వెళ్లాక ఆర్పేయండి. నాటాలనుకుంటే వావిలి, కానుగ, నేరేడు, ఈత నాటండి. గట్టున తంగేడు వేయండి. రాష్ట్ర పుష్పాన్ని బతుకమ్మకు మార్కెట్లో కొనుక్కుంటున్నాం, అది ఊరి గట్టు మీద పెరగాల్సిన మొక్క.

మా చెరువు నాలుగో వైపు తగాదా తొందరలోనే తేలుతుందని, తేలగానే అక్కడ కూడా రాయి పరుస్తారని కాలనీలో చెప్పుకుంటున్నారు. ఆ డ్రాయింగ్ గీసే ఇంజనీర్లు తొలకరి తర్వాత ఒక ఉదయం రావాలని కోరుతున్నాను. మా నాయన ఇప్పుడు గట్టు దాకా నడవలేడు. ఆయనతో కలిసి వల వేసిన పెద్దలు ఇద్దరు ముగ్గురు ఉన్నారు, కొర్రమట్ట ఏ మూలకు చేరుతుందో వాళ్లు చూపిస్తారు. పిల్లలు రాసిన నోటుపుస్తకాలు ఏ ఆఫీసుకు తెమ్మంటే అక్కడికి తెచ్చి ఇస్తాను. నా ఫోన్ నంబరు ఈ ఉత్తరంతో పాటు మీకు విడిగా పంపుతున్నాను. అడిగిన అధికారికి ఇవ్వగలరు.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్