కొల్లేటి నీళ్ల కబుర్లు

ఒరేయ్ రాంబాబూ,

నిన్న నీ ఫోన్ వచ్చినప్పుడు మావయ్య దోనెలో ఉన్నాను. సగం మాటలు గాలికి పోయాయి, అందుకే ఈ ఉత్తరం. "కొల్లేరు ఎండిపోతోందటగా?" అని అడిగావు. 2024 సెప్టెంబరులో, కొల్లేట్లో కలిసే బుడమేరు వాగు పొంగినప్పుడు "కొల్లేరు ఊళ్లను ముంచేస్తోందటగా?" అన్నదీ నువ్వే. రెండూ నిజమేరా.

అసలు నీరు ఎక్కడం, దిగడం కొల్లేటికి జబ్బు కాదు. ఎండాకాలంలో నీరు దిగి ఒడ్డున బురద బయటపడుతుంది. గాలి తగిలి, కుళ్లిన ఆకూ అలమూ ఎరువైపోతుంది. గడ్డి లేస్తుంది, ఉల్లంకి పిట్టలు పురుగుల కోసం దిగుతాయి. వానలకి ఆ గడ్డి మునిగిందా, కొర్రమీను, మార్పు చేపలు గుడ్లు పెట్టేది ఆ పల్చటి కొత్త నీళ్లలోనే. పిల్లలకి దాక్కునే చోటూ అదే, తిండీ అదే. చిన్నప్పుడు మనం తువ్వాలుతో పట్టింది ఆ పిల్లల్నే, పాపం!

ఇప్పుడు చిక్కల్లా చేపల చెరువుల గట్లతో. 2006లో ప్రభుత్వం వాళ్లు కొట్టేశారు కదా, చాలాచోట్ల మళ్లీ లేచాయి. 60కి పైగా కాలవలూ డ్రెయిన్లూ తెచ్చిన నీరు వెడల్పుగా పరుచుకోవడానికి చోటు లేక నిలువునా పెరుగుతుంది. సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అదీ మేటేసి ఇరుకైపోయింది. వారంలో దిగాల్సిన నీరు లంక ఊళ్ల చుట్టూ వారాల తరబడి కదలదు.

వేసవిలో కథ తిరగబడుతుంది. గట్ల లోపల నిండుగా నీళ్లు, బయట మోకాలి లోతు. మేత, ఎరువు కలిసిన చెరువు నీళ్లు ఆ కాస్త నీళ్లలోకే వదులుతారు. పట్టణాల మురుగూ అందులోకే. వానాకాలమైతే అదంతా పల్చబడేది, ఇప్పుడు చిక్కబడుతుంది. గుర్రపుడెక్కకి పండగే పండగ! దాని కింద ఎండ లేదు, గాలి లేదు. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, గాలాడని బురద తనలో దాచుకున్న భాస్వరాన్ని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. దాంతో డెక్క ఇంకా బలుస్తుంది. మనం తీసినకొద్దీ అది పెరుగుతూనే ఉంటుంది. నీరు మరీ దిగితే సముద్రపు పోటు ఉప్పుటేరు గుండా ఎగదన్ని ఉప్పు కూడా లోపలికొస్తుంది.

దానికి ఉప్పుటేరు మీద రెగ్యులేటర్లు, అంటే తలుపులున్న అడ్డుకట్టలు, కడితే సరి అంటున్నారు. ఉప్పు ఆగుతుంది, నీళ్లూ నిలుస్తాయి, కాదనను. కానీ నీలకంఠ రొయ్య పిల్లగా పెరిగేది ఉప్పు కలిసిన నీళ్లలో, పెద్దదయ్యేది మంచినీళ్లలో. తలుపులు ఎప్పుడు తీయాలో తెలిసినవాడు లేకపోతే దాని దారి మూసినట్టే. ఇక కొల్లేరు అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు, అంటే సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత. దాన్ని మూడుకి తగ్గించాలనే వాదన మాత్రం నాకు ఎక్కదు. కాగితం మీద గీత జరిపితే వరద జరుగుతుందా? మావయ్య ఒప్పుకోడు. ఆయనకీ చెరువులో వాటా ఉందిలే. రాత్రి అన్నం దగ్గర దీని మీదే గొడవ, అత్తయ్య కంచాలు లాగేసింది.

ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు బాగానే ఉన్నాయి. చెట్లు చాలక ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెట్టాయి. సంక్రాంతికి వస్తే చూపిస్తాను. రెండు క్యాన్ల మంచినీళ్లు కారులో వేసుకునిరా. ఇంత నీళ్ల మధ్య కూర్చుని, తాగే నీళ్లు కొనుక్కుంటున్నాం.

నీ
శీను