సీవర్ బిల్లులో రెండు చార్జీలు ఎందుకంటే

అందరికీ నమస్కారం. సీవర్ (మురుగునీటి) బిల్లులో సిటీ చార్జీ పక్కనే కింగ్ కౌంటీ (సియాటిల్, దాని చుట్టుపక్కల ఊళ్లు ఉన్న కౌంటీ) చార్జీ ఎందుకు, మొత్తం మన సిటీయే చూసుకుంటే పోదా అని నిన్న ఒకరు అడిగారు.

ఒకప్పుడు అలాగే ఉండేదండీ. 1950ల్లో సియాటిల్ పక్కనున్న లేక్ వాషింగ్టన్ చుట్టూ ఏ ఊరి మురుగునీటి శుద్ధి ప్లాంటు ఆ ఊరిదే. ఆ ప్లాంట్లు నీళ్లు వదిలేది మాత్రం ఆ లేక్‌లోకే. నీళ్లు నాచు పట్టి కంపు కొట్టేవి. 1958 మార్చిలో ఉమ్మడి సంస్థ కోసం ఓటింగ్ పెడితే శివారు ఊళ్లు ఒప్పుకోలేదు. సెప్టెంబరులో పరిధి తగ్గించి, మురుగునీటి పని ఒక్కటే అప్పగిస్తామంటే నెగ్గింది. అదే మెట్రో. పెద్ద పైపులు వేసి 1968కల్లా ప్లాంట్ల నీళ్లన్నీ లేక్‌లో పడకుండా మళ్లించారు. మొన్న హౌటన్ బీచ్‌లో మా పాప మోకాలి లోతు నీళ్లలో నిలబడి అడుగునున్న గులకరాళ్లు ఏరుకుంటుంటే నాకు ఆ ఓటే గుర్తొచ్చింది.

తర్వాత మెట్రో కౌన్సిల్‌లో సీట్ల పంపకం రాజ్యాంగ విరుద్ధమని 1990లో ఫెడరల్ కోర్టు చెప్పింది. 1994లో పనంతా కౌంటీ చేతికి వచ్చింది. ఇప్పుడు వీధి పైపులు సిటీవో, స్థానిక సీవర్ డిస్ట్రిక్ట్‌వో. పెద్ద పైపులు, రెంటన్, బ్రైట్‌వాటర్ లాంటి ప్లాంట్లు కౌంటీవి.

నా మటుకు సిటీకీ కౌంటీకీ మధ్య ఈ పని పంపకం సరైనదే. లేక్‌కి ఊళ్ల సరిహద్దులు ఉండవు కదా. కానీ రేటు పెట్టేది కౌంటీ కౌన్సిల్, కట్టేది మనం. సిటీ మీటింగులకే కాదు, రేటు చర్చకు వచ్చినప్పుడు మన కౌంటీ కౌన్సిల్ మెంబర్‌కి కూడా రాయండి. ఎవరికైనా లెటర్ రాయడంలో సాయం కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, కలిసి రాద్దాం.